తూచని సంచులు

మా వీధి మొదట్లో దీపస్తంభానికి కెమెరా బిగించిన రోజు నాకు బాగా గుర్తు. బిగించినతను నిచ్చెన దిగి, చేతులు దులుపుకుని, తలెత్తి ఒకసారి చూసుకుని వెళ్ళిపోయాడు. అది మా వైపు కూడా తిరిగి లేదు. రింగు రోడ్డు మీంచి లోపలికొచ్చే బళ్ళ వైపు చూస్తోంది. అయినా కిటికీలోంచి దాన్ని చూస్తున్నంతసేపూ నాకు మనసు కీడు శంకిస్తూనే ఉంది. అప్పుడు నా భయమంతా నా అద్దె గురించి, నా గిరాకీ గురించి. డెరిక్ గురించి ఆలోచించనే లేదు.

నా పేరు గ్లెనిస్. బర్మింగ్‌హామ్ నగల పేటలో నలభై మూడేళ్ళుగా నగలకి మెరుగు పెడుతున్నాను. చుట్టుపక్కల కంసాలులు ఉంగరాలూ గాజులూ చేసి తెచ్చి ఇస్తే మెరిపించి తిరిగి పంపుతాను. రెండో అంతస్తులో ఒక గది, ఒక మర, నేను. నా నోటికి తాళం లేదని పేటంతా అంటుంది, అందులో అబద్ధమేమీ లేదు. డెరిక్ ట్రాంటర్ సంగతి ఇంకెవరో చెబితే నాకు నచ్చదు, ఎందుకంటే ఆ మనిషి బతుకు పాడవడం మొదలైంది నా నోటితోనే.

బంగారం పని జరిగే చోట చెత్త అనేది ఉండదు. ఆకురాయి పెడితే రాలిన రజను, మెరుగు పెడితే లేచిన ధూళి, నేల ఊడ్చిన మట్టి, అరిగిపోయిన గుడ్డ పీలికలు, అన్నీ గోతాం సంచిలోకే పోతాయి. చేతులు కడుక్కున్న నీళ్ళు కూడా మేం కాలవలోకి వదలం. తొట్టిలో నిలవబెట్టి, అడుగున దిగిన బురద తీసి అదీ సంచిలో వేస్తాం. దీన్నంతా కలిపి ఊడ్పు అంటాం. ఊరవతల కార్ఖానాలో ఆ ఊడ్పుని కాల్చి, నూరి, కరిగించి, బంగారం ఎంత తేలిందో చూసి ఎవరి వాటా వాళ్ళకి పంపుతారు. పాత వర్క్‌షాపు ఎవరైనా ఖాళీ చేస్తే నేల మీది చెక్కలు కూడా పీకి కాలుస్తారు. అరవై ఏళ్ళు పని జరిగిన గదిలో చెక్కల సందుల్లోకి దిగిన రజను తక్కువేమీ ఉండదు. ఇది మా పేటలో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు.

ఆ సంచుల్ని మా ఇరుకు మెట్ల మీంచి దింపి కార్ఖానాకి చేర్చే మనిషి డెరిక్. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా అదే పని. అంతకు ముందు వాళ్ళ నాన్న తోపుడు బండి మీద చేసేవాడు. డెరిక్‌కి అరవై ఏడేళ్ళు. పొడుగ్గా సన్నగా ఉంటాడు, ఎండైనా వానైనా అదే నీలం కోటు. ఇరవై రెండేళ్ళ నాటి తెల్ల డీజిల్ వ్యాను ఒకటుండేది. అది వీధి మలుపులో దగ్గిందంటే మేం సంచి మూతి కట్టడం మొదలుపెట్టేవాళ్ళం. వ్యాను లోపల నేల మీద మందపాటి చెక్కలు పరిచి, వాటి మీద సుద్దతో గళ్ళు గీసి పెట్టుకున్నాడు. ఒక్కో వర్క్‌షాపు సంచికి ఒక్కో గడి. నాది వెనక తలుపు దగ్గర, ఎడమ వైపు.

అతను సంచి తూచడు. మేమూ తూచం. కాగితం రాయడు, మేమూ అడగం. కార్ఖానావాళ్ళే తూచుకుని మాకు నేరుగా చెబుతారు, నడిమధ్యన ఉన్నదల్లా డెరిక్ ఒక్కడే. ఊడ్పు సంచిని తూచి అతని చేతికివ్వడమంటే మొహాన ఉమ్మడమే. వాళ్ళ నాన్న కాలం నుంచీ మా పేటలో అదే మర్యాద.

నా కింది అంతస్తులో రేమండ్ పిట్ ఉంగరాలు చేస్తాడు. పేటలో పెద్దమనిషి, అతని మాటకి విలువ ఎక్కువ. ఒకసారి అతని సంచికి అడుగున చిరుగు పడి మెట్ల నిండా రజను రాలింది. డెరిక్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో మెట్టూ కుంచెతో ఊడ్చి మళ్ళీ సంచిలో పోశాడు. రెండు గంటలు పట్టింది. ఆఖర్న బూట్లు విప్పి వాటి అడుగులు కూడా సంచిలోకి దులిపాడు. ఆ సాయంత్రం రేమండ్ కనిపించిన ప్రతివాడితోనూ అన్నాడు, "డెరిక్ నిప్పు. వాడి చేతికి తాళాలిచ్చి హాయిగా నిద్రపోతా" అని. ఆ మాట అతని వెనక పాతికేళ్ళు నడిచింది. డెరిక్‌కి సొంతిల్లు లేదు, పిల్లల్లేరు, ఉన్న ఆస్తి ఆ ఒక్క మాటే.

జూన్ మొదటి తారీఖున కెమెరాలు పని మొదలుపెట్టాయి. గాలి బాగుపడాలని నగరపాలికవాళ్ళు పెట్టిన కొత్త నిబంధన అది: పాత డీజిల్ బండి రింగు రోడ్డు దాటి ఊరి నడిబొడ్డుకి వస్తే రోజుకి ఎనిమిది పౌండ్లు. కట్టడం మర్చిపోతే జరిమానా కాగితం ఇంటికొస్తుంది. మొదటి రోజు నుంచీ నేను తిట్టిపోశాను. డెరిక్ మాత్రం పన్నెత్తి ఒక్క మాట అనలేదు.

"నీకు ఒళ్ళు మండట్లేదా?" అన్నాను సంచి అందిస్తూ.

"ఎవరి మీద? గాలి మీదా?" అన్నాడు. "పామ్ రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోతుంది గ్లెనిస్, పడుకుంటే ఊపిరాడదు. మా ఇల్లు రింగు రోడ్డు పక్కనే కదా. ఆ పొగలో నా బండిదీ వాటా ఉంది."

పామ్ అతని భార్య. పెళ్ళైనప్పటి నుంచీ ఉబ్బసమే.

"నీ బండొక్కటి ఆగితే ఆవిడ లేచి డాన్సు చేస్తుందా ఏంటి?"

"చెయ్యదులే. దానికి పెళ్ళి రోజే రాలేదు డాన్సు."

అలా నవ్వుతూనే కొన్నాళ్ళు రోజూ ఎనిమిది పౌండ్లు కట్టాడు. మేం ఇచ్చే మోత కూలిలో సగం దానికే పోయేది. తర్వాత వ్యాను రింగు రోడ్డు అవతల వదిలేసి తోపుడు బండితో రావడం మొదలుపెట్టాడు. ఆరు వరసల్లో కార్లు దూసుకుపోయే రోడ్డుని అరవై ఏడేళ్ళ మనిషి నాలుగు సంచుల బంగారు దుమ్ముతో దాటుతుంటే చూడ్డానికి నా ప్రాణం పోయేది. జూలైలో ఒకరోజు జోరున వాన కురిసి సంచులు నానిపోయాయి. గాజులు చేసే గుర్‌దయాల్ సంచి సగం ముద్దైపోయింది. గుర్‌దయాల్ మంచివాడు, ఏమీ అనలేదు. డెరిక్‌కే మొహం చెల్లలేదు. మర్నాడు అందరి మెట్లూ ఎక్కి, ఇకమీదట మంగళవారం ఒక్కరోజే వస్తానని, వ్యానుతోనే వస్తానని చెప్పి వెళ్ళాడు.

అప్పటికి పేట తీరే మారిపోయింది. ఆమ్లాలు తెచ్చే లారీ లోపలికి రావాలంటే రోజుకి యాభై పౌండ్లు, ఆ భారం మా అందరి మీదా వేశాడు దాని యజమాని. పోత పోసే ముసలాయన అది తట్టుకోలేక ఆగస్టులో షట్టరు దించేశాడు. గుర్‌దయాల్ దగ్గరికి డడ్లీ, వాల్సాల్ లాంటి ఊళ్ళ నుంచి పెళ్ళి గాజులకి కుటుంబాలు కుటుంబాలుగా వచ్చేవాళ్ళు పాత కార్లేసుకుని. వాళ్ళు రావడం మానేశారు. మూల మీది టీ దుకాణంలో పొద్దున్నే బేకన్ శాండ్విచ్ తింటూ డ్రైవర్లు బల్లలన్నీ నింపేసేవాళ్ళు, ఇప్పుడు మేమే నలుగురం కూర్చుంటున్నాం. గాలి మాత్రం నిజంగానే తేలికైంది. కిటికీ తెరిస్తే గొంతు మండడం లేదు. ఆ తేలిక గాలిలో వీధి మరీ నిశ్శబ్దంగా ఉండేది, ఆ నిశ్శబ్దం నాకు నచ్చేది కాదు.

ఆరు రోజుల ఊడ్పు గదిలో పడి ఉండడం ఎవరికీ అలవాటు లేదు. బంగారం పక్కన పెట్టుకుని కూర్చున్నవాడికి ఆలోచనలు ఎక్కువవుతాయి. సరిగ్గా అప్పుడే ఒక కొత్త కొరియర్ కంపెనీ రంగురంగుల కాగితాలు పంచింది. కరెంటు వ్యాను, సీలు వేసిన నీలం పెట్టెలు, పెట్టె మీద బార్‌కోడ్ గీతల చీటీ, తూకం రసీదు. రేమండ్ ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోవడం చూశాను.

సెప్టెంబరులో డెరిక్ నిర్ణయం తీసుకున్నాడు. పాత బండిని తుక్కుకి ఇస్తే కొత్తదానికి కొంత సాయం చేస్తారట. కాగితాలు పెట్టుకున్నాడు, మూడు వారాల్లో వచ్చే శుక్రవారం తుక్కు యార్డుకి తెమ్మని ఉత్తరం వచ్చింది. ఆ మంగళవారం టీ దుకాణంలో మేమంతా ఉన్నాం. మాస్కులు ఇంకా గడ్డాల కింద వేలాడుతున్న రోజులవి.

"ఏం డెరిక్, ముసల్దాన్ని సాగనంపుతున్నావంట?" అన్నాడు గుర్‌దయాల్. "పూలదండ తేవాలా?"

"దండేం చేసుకుంటుందిలే. నాకొక బన్ను ఇప్పించు చాలు."

నాకు నోరూరుకుంటే కదా. "చెక్కలతో సహా ఇచ్చేస్తావేంటి కొంపదీసి?" అన్నాను. "ఇరవై రెండేళ్ళ ఊడ్పు కారిన చెక్కలవి. పీకి కాల్చు. పామ్‌కి కిరీటం చేయించొచ్చు."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. డెరిక్ చేతిలో కప్పు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మొహం పాలిపోయింది. అతనికి ఆ ఆలోచన ఎప్పుడూ రాలేదు. మా అందరి నేలలూ పీకినప్పుడు ఆ చెక్కల్ని కాల్చడానికి మోసుకెళ్ళిన మనిషికి తన కాళ్ళ కింది చెక్కలు ఒక్కసారీ తట్టలేదు. ఆ మొహం చూసిన క్షణంలోనే నాకది తెలిసిపోయింది, ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను. కానీ నా ఎదురుగా రేమండ్ కూడా అదే మొహాన్ని చూశాడు. అతను నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని డెరిక్ వైపు చూశాడు. అతనికి అందులో దొరికిపోయిన మనిషి కనిపించాడు.

ఆ మధ్యాహ్నమే రేమండ్ మెట్ల మీద నన్ను ఆపాడు.

"గోతాం కారుతుందని వాడికి తెలీదా గ్లెనిస్?"

"అందరికీ తెలుసు. అందుకేగా జోకు వేశాను."

"ప్లాస్టిక్ సంచులొచ్చి ఎన్నేళ్ళైంది? ఇంకా గోతాలే ఎందుకు?"

"గోతాలిచ్చేది మనమే కదయ్యా."

"మనకి ఖాళీవి తెచ్చిపెట్టేదెవరు?"

ఖాళీ సంచులు తెచ్చేది డెరికే. పాత అలవాటు, వాళ్ళ నాన్న నుంచి వచ్చింది, అంతకు మించి ఏమీ లేదు. ఆ మాట గట్టిగా చెప్పాల్సింది. రేమండ్ అప్పటికే తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నేను మెట్ల మీద నిలబడి, ఇంతకాలం కనిపించని ఆ గోతాలు ఇప్పుడు ఇంత పెద్దగా ఎందుకు కనిపిస్తున్నాయా అనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

తర్వాతి మంగళవారం డెరిక్ వచ్చేసరికి సంచులన్నీ మారిపోయాయి. గోతానికి లోపల ఒక ప్లాస్టిక్ సంచి, బయట ఇంకొకటి. మూతులకి కొత్త ముళ్ళు. ఎప్పుడూ మెట్ల పైనుంచే సంచి అందించేవాళ్ళు ఆ రోజు వెంట వ్యాను దాకా వచ్చారు. ఊరికే వచ్చినట్టు, గాలి కోసం వచ్చినట్టు. ఒక్కొక్కళ్ళూ వెనక తలుపులోంచి లోపలికి తొంగి చూసి వెళ్ళారు. గుర్‌దయాల్ తమ్ముడైతే వేలితో చెక్క మీద గీసి, ఆ వేలిని వెలుతురులో తిప్పి చూసుకున్నాడు. డెరిక్ అది చూశాడు. చూసి సుద్ద గళ్ళ వైపు తల తిప్పుకున్నాడు. ఎవరూ పెదవి విప్పి ఏమీ అనలేదు. అని ఉంటే అతను జవాబు చెప్పుకునేవాడు.

గురువారం పొద్దున డెరిక్ తన ఇంటి ముందు వ్యాను తలుపు తీసి చూస్తే, నా గడి పక్కన ఒక చెక్క చివర లేచి ఉంది. ఉలి పెట్టి ఎత్తిన గుర్తు తాజాగా తెల్లగా కనిపిస్తోంది. ఎవరు చేశారో ఇప్పటికీ తెలియదు. మా పేటలో ఉలి లేని ఇల్లు లేదు. ఆ రోజే అతను మా పేటలోనే ఒక పెద్ద తాళం కొని వెనక తలుపుకి వేశాడు. ఇరవై రెండేళ్ళలో ఆ బండికి వెనక తాళం వేయడం అదే మొదటిసారి. మధ్యాహ్నానికల్లా తాళం సంగతి పేటంతా తెలిసింది. ఇప్పుడెందుకు వేశాడని ఒకళ్ళనొకళ్ళు అడిగారు, ఉలి సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం నా గదికి వచ్చాడు. సంచి కోసం కాదు, ఊరికే. నేను మర ఆపాను. అతను కిటికీ దగ్గర నిలబడి కిందికి, కెమెరా వైపు చూశాడు.

"చెక్కలు పీకేస్తున్నా గ్లెనిస్. బుధవారం కార్ఖానాలో కాల్పిస్తా. రేమండ్‌ని రమ్మన్నా, గుర్‌దయాల్‌ని రమ్మన్నా. నువ్వు కూడా రా."

"పిచ్చా నీకు? యార్డుకి ఇచ్చేసెయ్. బండితో పాటు చెక్కలూ నలిగిపోతాయి, పీడా పోతుంది."

"చెక్కలతో ఇస్తే ముందే గీకి తీసుకున్నానంటారు. చెక్కలు లేకుండా ఇస్తే ఇంట్లో కాల్చుకున్నానంటారు. అందరి ముందూ కాలిస్తే ఏం అంటారు?"

"తప్పు నాది డెరిక్. నా నోరు పడిపోనూ."

"నువ్వన్నది నిజమే కదా. ఉంటుంది అందులో బంగారం. నాకే ముందు తట్టాల్సింది." మళ్ళీ కిందికి చూస్తూ అన్నాడు, "తట్టకపోవడం నేరమని తెలీలేదు."

పామ్‌కి ఈ సంగతి చెప్పలేదన్నాడు. చెబితే ఆవిడకి ఊపిరి మరీ బిగుసుకుపోతుందట. వెళ్ళేటప్పుడు అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర బూట్లు దులిపాడు, రాలిన దుమ్ము నా గదిలోనే పడేలా. ఆ చప్పుడు వింటూ నేను ఏడ్చాను.

బుధవారం దాకా పేటలో ఒకటే లెక్కలు. తేలే బంగారం ముద్ద కోడిగుడ్డంత ఉంటుందని ఒకడు, నారింజపండంతని ఇంకొకడు. ఎంత పెద్దదైతే డెరిక్ అంత దొంగ. నేను మాత్రం చిన్నదై ఉండాలని, వీలైనంత చిన్నదై ఉండాలని మొక్కుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

కార్ఖానాలో చెక్కల్ని మా కళ్ళ ముందే ముక్కలు చేసి కొలిమిలో పెట్టారు. సుద్ద గళ్ళు కూడా మంటల్లో కాలిపోయాయి. బూడిద నూరారు, మూసలో పోశారు, కరిగించారు. పొద్దున మొదలైన పని మూడింటికి అయింది. అంతసేపూ డెరిక్ నీలం కోటు విప్పకుండా ఆ వేడిలోనే నిలబడ్డాడు. కొలిమి దగ్గర పనిచేసేవాడు చల్లారిన బొట్టుని పటకారుతో తీసి బల్ల మీద పెట్టాడు.

శనగగింజంత ఉంది.

నా ఊపిరి తేలికైంది. నవ్వొచ్చింది కూడా. డెరిక్ మొహంలో కూడా ఏదో వదులైనట్టు అనిపించింది. అప్పుడు రేమండ్ అన్నాడు, "ఇంతేనా?"

కొలిమి మనిషికి డెరిక్ మీద గౌరవం. సాయం చేద్దామనే అన్నాడు, "ఇంతే ఉంటుంది సార్. ఈయన ప్రతి సాయంత్రం ఇక్కడే వ్యాను ఊడ్చేవాడు. మేం అటు సంచులు దించుతుంటే, ఊడ్చిన దుమ్ముని తలా చిటికెడు సంచుల్లో వేసేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా మానలేదు."

రేమండ్ మెల్లగా తిరిగాడు. "రోజూ ఊడ్చేవాడా? ఒక్కడే?"

"ఒక్కడే సార్."

"సంచుల్లో వేయడం నువ్వు చూశావా?"

కొలిమి మనిషి తడబడ్డాడు. "నేను కొలిమి దగ్గరుంటాను సార్. చెప్పేవాడు."

గుర్‌దయాల్ నేల చూపులు చూశాడు. పెద్దదైతే దొంగ అన్నారు, చిన్నదైంది కాబట్టి మిగిలింది ఎక్కడ పెట్టాడని ఇప్పుడు అడుగుతారు. డెరిక్ ఆ గింజని తీసి రేమండ్ ముందు అరచెయ్యి చాపాడు.

"ఇది మీ అందరిదీ."

"ఉంచుకో డెరిక్," అన్నాడు రేమండ్, చాలా మర్యాదగా. "నీకు పనికొస్తుంది."

నేను అప్పుడైనా అరవాల్సింది. మెట్లు మోకాళ్ళ మీద ఊడ్చింది ఎవరి కోసం, నిప్పన్నది ఎవరు అని అడగాల్సింది. జోకులకి తప్ప నా నోరు ఎందుకూ పనికిరాదని ఆ రోజు తెలిసింది. డెరిక్ ఆ గింజని నా చేతిలో పెట్టాడు.

"కాల్చమన్నది నువ్వే కదా గ్లెనిస్. నీ దగ్గరుండనీ."

కోపంగా అనలేదు. అది ఇంకా వేడిగానే ఉంది.

శుక్రవారం బండి తుక్కైపోయింది. మంగళవారం డెరిక్ బూడిద రంగు వ్యానులో వచ్చాడు. మూడు చేతులు మారిన బండే గానీ, నిబంధనలకి సరిపోయేది. వీధి మొదట్లో కెమెరా దాన్ని చూసి వదిలేసింది. ఎనిమిది పౌండ్లు అక్కర్లేదు, రోజూ రావొచ్చు, ఎన్నిసార్లైనా రావొచ్చు. దగ్గు లేదు, పొగ లేదు, వచ్చిన సంగతే ఎవరికీ తెలియలేదు. నేను కిటికీలోంచి చూస్తున్నాను కాబట్టి తెలిసింది.

ముందు గుర్‌దయాల్ గది మెట్లెక్కాడు డెరిక్. రెండు నిమిషాల్లో ఉత్త చేతుల్తో దిగాడు. పక్క భవనంలోకి వెళ్ళాడు, అక్కడా అంతే. తర్వాత మా భవనంలోకి వచ్చాడు. కింద రేమండ్ గొంతు వినిపించింది. "ఈ వారం ఏమీ లేదు డెరిక్. పనే సరిగ్గా జరగట్లేదు." ఆ గుమ్మం పక్కనే గీతల చీటీ అంటించిన నీలం పెట్టె ఉందని నాకు తెలుసు. పొద్దున దాన్ని దాటుకునే వచ్చాను.

అడుగులు పైకి వస్తున్నాయి. నా సంచి సిద్ధంగా ఉంది. డెరిక్‌కి సంచి ఇచ్చే మనిషి పేటలో ఒక్కతైనా ఉండాలని వారం నుంచీ అనుకుంటున్నాను. ఆ మాట అతనితో చెప్పాలని కూడా అనుకున్నాను. కానీ ఆ పొద్దున అతను రాకముందు నేనొక పని చేశాను. ఎందుకు చేశానో సరిగ్గా చెప్పలేను. అందరూ అంటున్నారు కదా, ఒకసారి తెలుసుకుని ఉంచుకుంటే నష్టమేముంది అనుకున్నాను. అతని మీద అనుమానంతో కాదు. అలాగని నాకు నేను చెప్పుకున్నాను.

డెరిక్ గుమ్మంలో నిలబడ్డాడు. మెట్లెక్కిన ఆయాసం తీర్చుకుంటూ నవ్వబోయాడు. అంతలో బల్ల మీదికి చూశాడు. కింది అంతస్తు నుంచి తెచ్చిన తూకపు యంత్రాన్ని నేను పక్కకి తీయడం మర్చిపోయాను. సంచి ఇంకా దాని మీదే ఉంది. మూతికి కట్టిన చీటీ మీద పెన్సిలుతో రాసిన అంకె నా అక్షరాల్లోనే ఉంది.

అతను ఒకడుగు ముందుకేసి చీటీ మీది అంకె చదివాడు.

"తూచావా గ్లెనిస్," అన్నాడు.

అది ప్రశ్న కాదు. అతను సంచి ముట్టుకోలేదు. వంగి బూట్లు దులిపి, నా గదిలోది ఏదీ తన వెంట పోవడం లేదని చూసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

డెరిక్ ట్రాంటర్ మళ్ళీ పేటలోకి రాలేదు. ఇప్పుడు నా ఊడ్పు నీలం పెట్టెలోనే పోతోంది, రసీదు ఇస్తారు. ఆ రోజు సంచి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అగ్గిపెట్టెలో పెట్టిన ఆ బంగారు గింజతో పాటు బల్ల కిందే ఉంది. తొమ్మిది కిలోల నాలుగొందల గ్రాములు.